సిరోసిస్ ఉన్నవాళ్లలో లివర్ క్యాన్సర్‌ను ముందే పట్టే డీఎన్‌ఏ మార్కర్లు: ఏవి పెట్టుకోవాలి, ఎంత ప్లాస్మా కావాలి, ఎంతవరకు నమ్మాలి?

పినాకిని అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. గ్యాస్ట్రో విభాగంతో కలిసి మా మాలిక్యులర్ ల్యాబ్‌లో ఒక స్టడీకి ప్రోటోకాల్ రాస్తున్నాం. సిరోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడడం) ఉండి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్‌కు వచ్చేవాళ్ల దగ్గర రక్తం తీసుకుని, ప్లాస్మాలోని సీఎఫ్‌డీఎన్‌ఏలో (చనిపోయిన కణాల నుంచి రక్తంలోకి వచ్చే డీఎన్‌ఏ ముక్కలు) హెపటోసెల్యులర్ కార్సినోమా (ఎక్కువగా వచ్చే లివర్ క్యాన్సర్) జాడ కనిపిస్తుందేమో చూడాలన్నది ఆలోచన. మా దగ్గర డ్రాప్‌లెట్ డిజిటల్ పీసీఆర్ (శాంపిల్‌ను వేల చుక్కలుగా విడగొట్టి డీఎన్‌ఏ కాపీలు లెక్కపెట్టే పద్ధతి) ఉంది, సీక్వెన్సింగ్ మాత్రం బయటికి పంపాలి. రోగుల్లో సగానికి సగం మద్యం వల్ల వచ్చిన సిరోసిస్, మిగతావాళ్లలో హెపటైటిస్ బి, ఫ్యాటీ లివర్ ఉన్నాయి.

ఇప్పటిదాకా అనుకున్నవి ఇవి: టెర్ట్ జన్యువు ప్రమోటర్‌లో (జన్యువును ఆన్ చేసే భాగం) మ్యుటేషన్లు, టీపీ53 జన్యువులో ఆర్249ఎస్ మ్యుటేషన్, సెప్టిన్9 జన్యువు మిథైలేషన్ (డీఎన్‌ఏ మీద చేరే రసాయన గుర్తు). వాటితోపాటు పీఎన్‌పీఎల్‌ఏ3 జన్యువు కూడా చేద్దామని ఒకరు అంటున్నారు. ఒక్కొక్కరి దగ్గర 5 ఎం.ఎల్. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని ట్యూబ్) రక్తం చాలనుకున్నాం. శాంపిళ్లు మూడు జిల్లాల నుంచి కొరియర్‌లో వస్తాయి.

నా సందేహాలు: ఈ మార్కర్ల ఎంపిక సరైనదేనా? రక్తం ఎంత, ఏ ట్యూబ్‌లో తీయాలి? రిజల్ట్ పాజిటివ్ వస్తే రోగికి ఏం చెప్పాలి? కొత్త టెస్టుల్లో 80 శాతం పైన సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమందిని పడుతుందన్నది) అని చదువుతున్నాం, అలాంటప్పుడు అల్ట్రాసౌండ్ బదులు రక్త పరీక్ష పెట్టేయవచ్చని మా రెసిడెంట్లు వాదిస్తున్నారు. దీనికి ఏం సమాధానం చెప్పాలి?

ల్యాబ్_శ్రీను

పినాకిని గారూ, మార్కర్ల సంగతి తర్వాత. ముందు మీ 5 ఎం.ఎల్. రక్తం లెక్క చూద్దాం, ఇలాంటి స్టడీలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

5 ఎం.ఎల్. రక్తం నుంచి మహా అయితే 2 నుంచి 2.5 ఎం.ఎల్. ప్లాస్మా వస్తుంది. మామూలు మనిషిలో ఒక ఎం.ఎల్. ప్లాస్మాకు 5 నుంచి 10 నానోగ్రాముల సీఎఫ్‌డీఎన్‌ఏ ఉంటుంది. ఎక్స్‌ట్రాక్షన్‌లో కొంత పోతుంది. అంటే చేతికి వచ్చేది 10 నుంచి 20 నానోగ్రాములు. ఒక హాప్లాయిడ్ జీనోమ్ బరువు సుమారు 3.3 పికోగ్రాములు, కాబట్టి 20 నానోగ్రాముల్లో దాదాపు 6000 కాపీలు ఉంటాయి.

ఆ 6000 కూడా పూర్తిగా మీకు దక్కవు. సీఎఫ్‌డీఎన్‌ఏ ముక్కల పొడవు 167 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) దగ్గర ఎక్కువగా ఉంటుంది. మీ పీసీఆర్ ఆంప్లికాన్ (పీసీఆర్ కాపీ చేసే ముక్క) 120 బేస్‌లైతే, మ్యుటేషన్ చోటును కప్పే ముక్కల్లో ఆంప్లికాన్ మొత్తం పట్టేవి 29 శాతమే. 70 బేస్‌లకు కుదిస్తే 59 శాతం పడతాయి. ఒక్క ప్రైమర్ డిజైన్‌తోనే పనికొచ్చే కాపీలు రెట్టింపవుతాయి, పైసా ఖర్చు లేదు. 70 తీసుకుందాం, అప్పుడు పనికొచ్చేవి 3500 కాపీలు.

తొలి దశ కణితి నుంచి వచ్చే డీఎన్‌ఏ మొత్తం సీఎఫ్‌డీఎన్‌ఏలో 0.1 శాతమో, అంతకంటే తక్కువో ఉండడం మామూలే. మ్యుటెంట్ అల్లీల్ (మ్యుటేషన్ ఉన్న కాపీ) 0.1 శాతం ఉంటే 3500లో సగటున 3.5 మ్యుటెంట్ కాపీలు. ఒకటి రెండు డ్రాప్‌లెట్లు ఉత్తినే వెలిగే అవకాశం ఉంది కాబట్టి కనీసం 3 ఉంటేనే పాజిటివ్ అంటారనుకోండి. పాయిజాన్ లెక్క (అరుదైనవి ఎన్ని దొరికే అవకాశం ఉందో చెప్పే సూత్రం) ప్రకారం మూడింట ఒక వంతు కేసులు, కచ్చితంగా అయితే 32 శాతం, కేవలం ట్యూబ్‌లో అణువులు చాలక నెగెటివ్ అవుతాయి. అల్లీల్ 0.03 శాతానికి పడితే 35 శాతం శాంపిళ్లలో ఒక్క మ్యుటెంట్ కాపీ కూడా ఉండదు. ఎంత ఖరీదైన మెషీన్ తెచ్చినా లేని అణువును చూపించదు. అందుకని 10 ఎం.ఎల్. ట్యూబులు రెండు తీయండి. 8 నుంచి 9 ఎం.ఎల్. ప్లాస్మా మొత్తాన్నీ ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. ఒకే శాంపిల్‌ను మిథైలేషన్‌కూ మ్యుటేషన్‌కూ పంచేటట్టయితే రెండూ పలచబడతాయి, ముందే ఆలోచించుకోండి.

ట్యూబ్ విషయం. ఈడీటీఏ అయితే తీసిన 4 గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లోకి వెళ్లాలి, 6 గంటలు దాటనివ్వకూడదు. ఆలస్యమైతే తెల్ల రక్తకణాలు పగిలి వాటి డీఎన్‌ఏ ప్లాస్మాలోకి దిగుతుంది, మీ 0.1 శాతం కాస్తా 0.02 అవుతుంది. మూడు జిల్లాల నుంచి కొరియర్ అంటున్నారు, ఈడీటీఏతో అది కుదరని పని. కణాలను పగలకుండా పట్టి ఉంచే స్ట్రెక్ తరహా ట్యూబులు కావాలి. ఆ ట్యూబులకు కంపెనీ చెప్పే హామీ 6 నుంచి 37 డిగ్రీల మధ్య 14 రోజులు. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో విజయవాడలోనో మధ్యాహ్నం కొరియర్ బండిలో 37 డిగ్రీలు ఎప్పుడో దాటిపోతాయి. అలాగని ఐస్ మీద పెట్టేస్తే 6 కిందకు పోతుంది, అదీ తప్పే. గది ఉష్ణోగ్రతలో ఉంచిన జెల్ ప్యాక్‌లు చుట్టూ పెట్టి, థర్మోకోల్ డబ్బాలో ఒక టెంపరేచర్ లాగర్ వేసి పంపించండి. లాగర్ రీడింగ్ లేని డబ్బాను స్టడీలోకి తీసుకోకండి. హెపారిన్ ట్యూబ్ మాత్రం వద్దే వద్దు, అది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది.

రక్తం తీయగానే ట్యూబ్‌ను మెల్లగా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయాలి, కుదపకూడదు. మొదటి స్పిన్ 1600 జీ, 10 నిమిషాలు. పైన ప్లాస్మా తీసేటప్పుడు తెల్లటి పొర మీద అర సెంటీమీటరు వదిలేయండి, ఆశకు పోయి పూర్తిగా పీల్చకండి. రెండో స్పిన్ 16000 జీ, 10 నిమిషాలు. ఈ రెండోది ఎగ్గొట్టి ఫ్రీజ్ చేస్తే మిగిలిపోయిన కణాలు కరిగించేటప్పుడు పగులుతాయి. ఆ తెల్లటి పొరను, అంటే బఫీ కోట్‌ను, పారేయకండి, విడిగా మైనస్ 80లో దాచండి, ఎందుకో కింద చెబుతాను.

శాంపిల్ పాడైందో లేదో తెలుసుకోవడానికి ప్రతిసారీ ఖరీదైన చిప్ అక్కర్లేదు. ఒకే జన్యువు మీద 70 బేస్‌ల ఆంప్లికాన్, 250 బేస్‌ల ఆంప్లికాన్ రెండూ వేసి నిష్పత్తి చూడండి. పొడవైనది బాగా పెరిగిందంటే తెల్ల కణాల డీఎన్‌ఏ కలిసిందన్నమాట.

ఇక మార్కర్లు. టెర్ట్ ప్రమోటర్ మంచి ఎంపికే, హెపటోసెల్యులర్ కార్సినోమాలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మ్యుటేషన్ అదే. సగానికి పైగా కణితుల్లో ఉంటుంది, కణితిగా మారకముందు డిస్‌ప్లాస్టిక్ నాడ్యూల్ దశలోనే కొన్నిటిలో కనిపిస్తుంది. సీ228టీ, సీ250టీ అనే రెండు మ్యుటేషన్లూ ఒకేలాంటి 11 బేస్‌ల వరుసను సృష్టిస్తాయి, అందుకే ఒకే ప్రోబ్‌తో (ఆ వరుసకు అతుక్కుని వెలిగే డీఎన్‌ఏ ముక్క) రెండిటినీ పట్టవచ్చు. కాకపోతే ఏది ఏదో తెలియదు. స్క్రీనింగ్‌కు ఆ తేడా అవసరం లేదు.

ఇబ్బంది ఎక్కడంటే ఆ చోటంతా జీ, సీ బేస్‌లతో బిగుసుకుని ఉంటుంది. మామూలు మిక్స్‌తో డ్రాప్‌లెట్ పీసీఆర్ చేస్తే పాజిటివ్, నెగెటివ్ గుంపులు విడిపోకుండా మధ్యలో వాన కురిసినట్టు చుక్కలు పడతాయి. బీటైన్ గానీ 7-డియాజా-డీజీటీపీ గానీ కలపాలి, అనీలింగ్ ఉష్ణోగ్రతకు గ్రేడియెంట్ నడిపి చూసుకోవాలి. ఆరోగ్యవంతుల ప్లాస్మా కనీసం 20, 30 నడిపి ఉత్తి పాజిటివ్‌లు ఎన్ని వస్తున్నాయో లెక్కగట్టి, అప్పుడే కటాఫ్ పెట్టండి. నీళ్ల బ్లాంక్ దీనికి సరిపోదు, వైల్డ్ టైప్ (మ్యుటేషన్ లేని మామూలు) డీఎన్‌ఏ నిండుగా ఉన్నప్పుడే ఆ తప్పుడు చుక్కలు వస్తాయి.

మీ హెపటైటిస్ బి రోగుల్లో టెర్ట్ మ్యుటేషన్ తక్కువగా దొరుకుతుంది. వైరస్ తన డీఎన్‌ఏను టెర్ట్ దగ్గర ఇరికించి అదే పని మరో దారిలో చేయిస్తుంది. ఆ జోడింపును ఈ ప్రోబ్ చూడలేదు.

హెపటో_వైజాగ్

శ్రీను గారు ల్యాబ్ వైపు చెప్పాల్సింది చెప్పారు. నేను ఆర్249ఎస్, పీఎన్‌పీఎల్‌ఏ3, ఆ తర్వాత క్లినిక్ గురించి రాస్తాను.

టీపీ53లో 249వ కోడాన్ ఏజీజీ నుంచి ఏజీటీకి మారడం అఫ్లాటాక్సిన్ బి1 (బూజు తయారుచేసే విషం) వదిలే వేలిముద్ర. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న తినే ప్రాంతాల్లో, అందులోనూ హెపటైటిస్ బి ఎక్కువ ఉన్న చోట ఇది బాగా కనిపిస్తుంది. చైనాలోని చీదోంగ్, ఆఫ్రికాలోని గాంబియా దీనికి పేరుపడ్డ చోట్లు. షాంఘైలో జరిగిన పరిశీలనలో హెపటైటిస్ బి ఒక్కటే ఉంటే ముప్పు 7 రెట్లు, అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉంటే 3 రెట్లు, రెండూ కలిస్తే 60 రెట్ల దాకా పెరిగింది. అనంతపురం వేరుశనగ, మొక్కజొన్న నిల్వల్లో అఫ్లాటాక్సిన్ సమస్య నిజమే, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఎన్నో ఏళ్లుగా దాని మీద పని జరుగుతోంది. అయినా సగం మంది మద్యం సిరోసిస్ ఉన్న మీ గ్రూపులో ఈ ఒక్క మ్యుటేషన్ మీద డబ్బు పోయడం నాకు సమంజసంగా అనిపించడం లేదు.

ఇంకో సంగతి. గాంబియా స్టడీలో క్యాన్సర్ రోగుల ప్లాస్మాలో 36 శాతం మందికి ఇది కనిపిస్తే, క్యాన్సర్ లేని సిరోసిస్ వాళ్లలో 15 శాతం, కంట్రోల్స్‌లో 6 శాతం మందికి కూడా కనిపించింది. ఈ మ్యుటేషన్ అఫ్లాటాక్సిన్ సోకిందనీ చెబుతుంది, క్యాన్సర్ ఉందనీ చెబుతుంది, రెండిటినీ విడదీయదు. చేసి తీరాలంటే హెపటైటిస్ బి రోగులకే పరిమితం చేయండి. హేఈ-3 ఎంజైమ్ కోసే జీజీసీసీ వరుస ఈ మ్యుటేషన్‌తో పోతుంది, కాబట్టి పీసీఆర్‌కు ముందే ఆ ఎంజైమ్‌తో వైల్డ్ టైప్‌ను కోసేసి మ్యుటెంట్‌ను తేల్చవచ్చు. పాత పద్ధతే, చవక.

పీఎన్‌పీఎల్‌ఏ3ను ఈ జాబితాలో పెట్టకండి. ఆర్‌ఎస్738409 దగ్గర జీ అల్లీల్ పుట్టుకతో వచ్చేది, ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. అది కాలేయంలో కొవ్వు, ఫైబ్రోసిస్ (మచ్చ కట్టడం), క్యాన్సర్ ముప్పు పెరిగే తత్వాన్ని చెబుతుంది. ఇవాళ కణితి ఉందా లేదా అన్నదానికి దాని దగ్గర జవాబు లేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ చేసినా అదే రిజల్ట్. టీఎం6ఎస్‌ఎఫ్2, ఎంబోఏటీ7 కూడా ఇంతే. హెచ్‌ఎస్‌డీ17బీ13లో ఒక మార్పు అయితే పైగా రక్షణ ఇస్తుంది. రోగిని ఏ ముప్పు వర్గంలో వేయాలో తేల్చడానికి వీటిని వాడాలనుకుంటే అది వేరే స్టడీ, వేరే ప్రశ్న.

ఈ గందరగోళం బయట కూడా ఉంది. ఇంటికి వచ్చి ఉమ్మి తీసుకెళ్లే జన్యు పరీక్షల రిపోర్టులో జీజీ (రెండు కాపీలూ జీ) అని చూసి, లివర్ క్యాన్సర్ వచ్చిందేమోనని హడలిపోయి వస్తున్నారు. వాళ్లకు చేయాల్సింది ఫిబ్-4 లెక్క, ఫైబ్రోసిస్ ఎంతుందో అంచనా వేసేది. వయసును ఏఎస్‌టీతో (ఏఎల్‌టీ లాగే లివర్ ఎంజైమ్) గుణించి, ప్లేట్‌లెట్లు (వేలల్లో), ఏఎల్‌టీ వర్గమూలం, ఈ రెండిటి లబ్ధంతో భాగించాలి. 52 ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ 64, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు 130 వేలు అయితే 3328ని 910తో భాగిస్తే 3.66 వస్తుంది. 2.67 దాటింది కాబట్టి ఫైబ్రోస్కాన్‌కు పంపాలి. 1.3 కంటే తక్కువ వస్తే జన్యువు ఏదైనా సరే, ఆరు నెలలకోసారి స్కానింగ్ అక్కర్లేదు. బరువు, షుగర్, మద్యం మీద మాట్లాడి పంపిస్తే చాలు.

మీ రెసిడెంట్ల వాదనకు వస్తాను. అల్ట్రాసౌండ్ గొప్ప పరీక్షేమీ కాదు, ఆ మాటలో నిజం ఉంది. 2018లో వచ్చిన మెటా అనాలిసిస్‌లో తొలి దశ క్యాన్సర్‌ను అల్ట్రాసౌండ్ ఒక్కటే 45 శాతం పట్టింది, ఏఎఫ్‌పీ (రక్తంలో కొలిచే లివర్ క్యాన్సర్ ప్రోటీన్ మార్కర్) కలిపితే 63 శాతం. స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లను సరిగ్గా లేదని చెప్పడం) మాత్రం 92 నుంచి 84కు దిగింది. ఒళ్లు లావుగా ఉన్నవాళ్లలో, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ రిపోర్టులో ఎంత బాగా కనిపించిందో ఏ, బీ, సీ అని గ్రేడ్ రాయమంటున్నారు. సీ వచ్చిన రోగికి అదే పరీక్ష మళ్లీ మళ్లీ చేయడం కంటే ఎంఆర్‌ఐకో సీటీకో పంపడం మేలు.

కానీ ఆయుష్షు పెంచిన రుజువు దేనికి ఉంది? షాంఘైలో దాదాపు 19 వేల మంది హెపటైటిస్ బి రోగుల మీద చేసిన ర్యాండమైజ్డ్ ట్రయల్‌లో ఆరు నెలలకోసారి ఏఎఫ్‌పీ, అల్ట్రాసౌండ్ చేస్తే లివర్ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. 2004లో ప్రచురించారు. అందులోనూ పిలిచినవాళ్లలో అందరూ రాలేదు, అయినా అంత తేడా కనిపించింది. సీఎఫ్‌డీఎన్‌ఏ టెస్టుల్లో పెద్ద పేర్లు రెండు చూడండి. హోక్సా1, టీఎస్‌పీవైఎల్5 జన్యువుల మిథైలేషన్‌కు ఏఎఫ్‌పీని, స్త్రీపురుష భేదాన్ని కలిపిన టెస్టు తొలి దశలో 82 శాతం సెన్సిటివిటీ, 87 శాతం స్పెసిఫిసిటీ చూపించింది. 28 జన్యువుల మిథైలేషన్‌కు మూడు ప్రోటీన్లు కలిపిన హీలియోలివర్ తొలి దశలో 76, స్పెసిఫిసిటీ 91. మంచి అంకెలే. అవన్నీ క్యాన్సర్ ఉందని తెలిసినవాళ్లనూ లేదని తెలిసినవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసినవి. రెండిట్లోనూ ప్రోటీన్ మార్కర్లను వదులుకోలేదన్నది కూడా గమనించండి.

అందుకే ఖర్చు తక్కువలో ఏదైనా చేయాలంటే మీ స్టడీలో గలాడ్ స్కోరును తప్పకుండా పోలికకు పెట్టండి. ఇది జన్యు పరీక్ష కాదు, రక్తంలో మూడు ప్రోటీన్లు (ఏఎఫ్‌పీ, దానిలో ఎల్3 రకం, డీసీపీ), వయసు, స్త్రీపురుష భేదం. మైనస్ 10.08తో మొదలుపెట్టి, వయసుకు 0.09 చొప్పున, మగవాళ్లయితే 1.67, ఏఎఫ్‌పీ లాగ్‌కు 2.34 చొప్పున, ఏఎఫ్‌పీ-ఎల్3 శాతానికి 0.04 చొప్పున, డీసీపీ లాగ్‌కు 1.33 చొప్పున కలపాలి. లాగ్ అంటే 10 ఆధారంగా. మైనస్ 0.63 దాటితే పాజిటివ్. 58 ఏళ్ల మగవాడు, ఏఎఫ్‌పీ 15, ఎల్3 12 శాతం, డీసీపీ 1.2 నానోగ్రాములు అనుకోండి. స్కోరు 0.15 వస్తుంది, అంటే పాజిటివ్. ఏఎఫ్‌పీ 20 లోపే ఉంది కదా అని మామూలుగా వదిలేసే రోగి ఇతను. మీ డీఎన్‌ఏ టెస్టు దీన్ని దాటితేనే దానికి అర్థం.

డీసీపీని మన దగ్గర పీవ్‌కా-2 పేరుతో చేస్తారు. కొన్ని మెషీన్లు నానోగ్రాముల్లో, కొన్ని మిల్లీ ఏయూల్లో ఇస్తాయి. యూనిట్ మార్చకుండా సూత్రంలో పెడితే స్కోరు ఎటో పోతుంది. వార్ఫరిన్, అసిట్రోమ్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు) మింగేవాళ్లలో, కామెర్లతో విటమిన్ కె తగ్గినవాళ్లలో ఇది క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది.

బయోస్టాట్_వరంగల్

పాజిటివ్ వస్తే ఏం చెప్పాలన్నది అడిగారు. ముందు అంకె చూద్దాం.

సిరోసిస్‌లో ఏడాదికి 2 నుంచి 3 శాతం మందికి క్యాన్సర్ వస్తుంది. ఆరు నెలల విజిట్‌కు సుమారు 1 శాతం. వెయ్యి మంది వస్తే 10 మందికి ఉంటుంది. 82 శాతం సెన్సిటివిటీతో 8 మంది దొరుకుతారు. మిగతా 990 మందిలో 87 శాతం స్పెసిఫిసిటీతో 129 మందికి ఉత్తి పాజిటివ్. మొత్తం 137 పాజిటివ్‌లలో నిజమైనవి 8, అంటే 6 శాతం. రోగికి ఈ మాటే చెప్పాలి: క్యాన్సర్ అని కాదు, ఒకసారి పూర్తి స్కాన్ అవసరమని. ఆ 137 మందికీ మల్టీఫేజ్ (మందు ఎక్కించి పలు దశల్లో తీసే) సీటీయో ఎంఆర్‌ఐయో చేసే దారి మీ ఆస్పత్రిలో ఉందా? ఎంఆర్‌ఐకి రెండు నెలల క్యూ ఉంటే స్టడీ మొదలుపెట్టకముందే స్లాట్లు మాట్లాడుకోండి, ఎథిక్స్ కమిటీ కూడా మొదట అడిగేది అదే.

ఇక స్టడీ డిజైన్. ఇలాంటి పేపర్లలో మార్కర్ బాగా పని చేసినట్టు కనిపించి తర్వాత కూలిపోవడానికి కారణం ఎక్కువసార్లు ఒకటే: కేసుల రక్తం ఒకచోట, కంట్రోల్స్ రక్తం మరోచోట తీశారు. కేసులది ఆపరేషన్ థియేటర్లో, కంట్రోల్స్‌ది ఓపీలో. కేసులది వెంటనే స్పిన్ చేశారు, కంట్రోల్స్‌ది సాయంత్రం దాకా ఆగింది. ఆ తేడానే మోడల్ నేర్చుకుంటుంది, మీకు మాత్రం క్యాన్సర్‌ను పట్టినట్టు అనిపిస్తుంది. ముక్కల పొడవు చూసే పద్ధతుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందరి రక్తం ఒకే గదిలో, స్కాన్ రిజల్ట్ తెలియకముందే తీయండి. బయాప్సీ, ఆర్‌ఎఫ్‌ఏ (కణితిని వేడితో కాల్చడం), టేస్ (కణితికి వెళ్లే రక్తనాళాన్ని మూసే చికిత్స) తర్వాత తీసిన రక్తం పనికిరాదు, చచ్చిన కణాల డీఎన్‌ఏ ప్లాస్మాను ముంచెత్తుతుంది. ప్రతి పీసీఆర్ ప్లేటులో కేసులూ కంట్రోల్సూ కలిపి పెట్టండి, ప్లేటు నడిపేవాళ్లకు ఎవరిది ఏదో తెలియకూడదు.

కంట్రోల్స్ ఎవరన్నది కూడా తేల్చుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న మెడికల్ విద్యార్థుల రక్తంతో పోలిస్తే ఏ మార్కరైనా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మీకు కావలసినది క్యాన్సర్ లేని సిరోసిస్ రోగులు, అదీ కారణం వారీగా జతపరిచి. లేదని నిర్ధారించడానికి ఒక ఎంఆర్‌ఐ, లేదా ఆ తర్వాత కనీసం ఏడాది పాటు స్కాన్లు శుభ్రంగా ఉండాలి.

సంఖ్య గురించి నిజం చెప్పాలి. 300 మందిని రెండేళ్లు చూస్తే 12 నుంచి 18 క్యాన్సర్లు దొరుకుతాయి, అందులో తొలి దశవి ఇంకా తక్కువ. తొలి దశ కేసులు 50 ఉండి సెన్సిటివిటీ 80 శాతం వచ్చినా, దాని 95 శాతం పరిధి 67 నుంచి 89 దాకా ఉంటుంది. ఒక్క కాలేజీతో అల్ట్రాసౌండ్ కంటే మేలని తేల్చలేరు. ఇంకో మూడు నాలుగు సెంటర్లను కలుపుకోండి. లేదా ఇది శాంపిళ్లను పద్ధతిగా దాచే బయోబ్యాంక్ అని ముందే రాసుకోండి, అది కూడా ఎంతో విలువైన పని. క్యాన్సర్ బయటపడక ముందు ఏడాది, ఆరు నెలల నాటి ప్లాస్మా దాచిపెట్టిన సెంటర్లు మన దేశంలో చాలా కావాలి.

తొలి దశ అన్న మాటను కూడా ముందే బిగించండి. మిలాన్ (కాలేయ మార్పిడికి వాడే ప్రమాణాలు) ప్రకారమైతే 5 సెంటీమీటర్ల ఒంటి కణితీ అందులోకే వస్తుంది. బీసీఎల్‌సీ (లివర్ క్యాన్సర్ దశల పద్ధతి) సున్నా దశ అంటే 2 సెంటీమీటర్లలోపు ఒక్కటే. 4.5 సెంటీమీటర్ల కణితులను పట్టి తొలి దశ సెన్సిటివిటీ అని రాస్తే చదివేవాళ్లు మోసపోతారు. 2 సెంటీమీటర్ల లోపు అంకెను వేరే వరుసలో చూపించండి.

పినాకిని

ముగ్గురికీ చాలా చాలా ధన్యవాదాలు. ఆర్249ఎస్‌ను హెపటైటిస్ బి గ్రూపుకే ఉంచుతాం, పీఎన్‌పీఎల్‌ఏ3 తీసేశాం, రెండు 10 ఎం.ఎల్. స్ట్రెక్ ట్యూబులు అని మార్చాం. ఇంకా మూడు సందేహాలు. శ్రీను గారూ, బఫీ కోట్ ఎందుకో చెబుతానన్నారు. సెప్టిన్9 మిథైలేషన్ మీద ఎవరూ మాట్లాడలేదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు), ముఖ్యంగా మిర్-122, కలపమని మా గైడ్ గారి సలహా, ఏమంటారు?

ల్యాబ్_శ్రీను

బఫీ కోట్: వయసు పైబడినవాళ్ల తెల్ల రక్తకణాల్లో క్యాన్సర్ లేకుండానే కొన్ని మ్యుటేషన్లు పెరుగుతాయి, టీపీ53 కూడా ఆ జాబితాలో ఉంది. సీఎఫ్‌డీఎన్‌ఏలో ఎక్కువ భాగం ఆ కణాలదే కాబట్టి ప్లాస్మాలో టీపీ53 కనిపిస్తే కాలేయానిదో రక్తానిదో చెప్పలేం. అదే మనిషి బఫీ కోట్‌లోనూ ఆ మ్యుటేషన్ ఉంటే రక్తానిదే. ఆర్249ఎస్ పాజిటివ్ వచ్చిన ప్రతి శాంపిల్‌కూ బఫీ కోట్ నడపండి. సీక్వెన్సింగ్‌కు బయటికి పంపేటప్పుడు రెండూ జతగా పంపాలి, అది లేకుండా వచ్చిన మ్యుటేషన్ల జాబితాను నమ్మకండి.

సెప్టిన్9: మిథైలేషన్‌కు ఒక పెద్ద లాభం ఉంది. మ్యుటేషన్ అయితే ఒక్కో రోగిలో ఒక్కో చోట ఉంటుంది, మిథైలేషన్ మార్పు మాత్రం చాలామంది రోగుల్లో ఒకే చోట వస్తుంది, కాబట్టి కొద్ది మార్కర్లతో ఎక్కువ మందిని కవర్ చేయవచ్చు. కాకపోతే ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ, సెప్టిన్9 లాంటి జన్యువులు క్యాన్సర్ రాని సిరోసిస్ కాలేయంలో కూడా కొంత మిథైలేట్ అయి ఉంటాయి. సిరోసిస్‌లో హెపటోసైట్లు (కాలేయ కణాలు) ఎప్పుడూ చస్తూ డీఎన్‌ఏ వదులుతూనే ఉంటాయి. అందుకే ఉంది, లేదు అని కాకుండా ఎంత ఉంది అని కొలవాలి. సెప్టిన్9 పెద్దపేగు క్యాన్సర్‌కు కూడా వాడే మార్కర్, పాజిటివ్ వచ్చి లివర్‌లో ఏమీ దొరకకపోతే ఆ దిక్కు కూడా చూడండి.

పని దగ్గర తప్పులు జరిగేది బైసల్ఫైట్ మార్పిడిలో (మిథైలేట్ కాని చోట్లను మార్చి తేడా చూపించే రసాయన చర్య). ఆ రసాయనం డీఎన్‌ఏను తినేస్తుంది, సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పోతుంది. ముందు పోస్టులో వేసిన 6000 కాపీల లెక్కలో ఇది కలిపి చూసుకోండి. మార్పిడి తర్వాత ఎన్ని కాపీలు మిగిలాయో, సీపీజీ (మిథైలేషన్ జరిగే చోటు) లేని బీటా ఆక్టిన్ వరుస మీద ప్రతి శాంపిల్‌కూ కొలవండి. మీరు పెట్టుకున్న కనీస కాపీల కంటే తక్కువ వస్తే ఆ రిజల్ట్‌ను నెగెటివ్ అని రాయకూడదు, శాంపిల్ చాలలేదని రాయాలి. చాలా ల్యాబులు ఈ రెండిటినీ ఒకే గడిలో వేసేస్తాయి, అక్కడే రోగికి అన్యాయం జరుగుతుంది. మార్పిడి 99 శాతం పైన జరిగిందో లేదో పూర్తి మిథైలేట్ కాని డీఎన్‌ఏతో ప్రతి బ్యాచ్‌లో చూసుకోండి. సగం మారిన డీఎన్‌ఏ మిథైలేట్ అయినట్టు కనిపిస్తుంది. ఎంజైమ్‌తో మార్చే కిట్లు డీఎన్‌ఏను తక్కువగా విరుస్తాయి, ధర ఎక్కువ. మీ దగ్గర ఉండేది కొద్ది నానోగ్రాములే కాబట్టి రెండు పద్ధతుల్లో అయిదారు శాంపిళ్లు పక్కపక్కన నడిపి, చివర్న మిగిలిన కాపీలు పోల్చి ఎంచుకోండి. కిట్ కరపత్రంలో రాసిన శాతాలు ఎక్కువ డీఎన్‌ఏతో తీసినవి.

హెపటో_వైజాగ్

మిర్-122 మీద నా మాట: అది కాలేయానికే చెందిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ, సందేహం లేదు. కానీ కాలేయ కణం ఏ కారణంతో చచ్చినా పెరుగుతుంది. ముందు రోజు బాగా తాగి వచ్చినవాడిలో, హెపటైటిస్ బి చెలరేగినవాడిలో, టీబీ మందులు పడనివాడిలో ఏఎల్‌టీతో పాటే ఎగబాకుతుంది. మద్యం సిరోసిస్ సగం ఉన్న మీ గ్రూపులో ఇది క్యాన్సర్ సంగతి చెప్పలేదు. చైనాలో 2011లో వచ్చిన ఏడు మైక్రో ఆర్‌ఎన్‌ఏల ప్యానెల్ లాంటివి ఒక్కటిగా కంటే మెరుగు, అయితే వాటికి ఎర్ర రక్తకణాలు పగలని ప్లాస్మా కావాలి. కొంచెం ఎర్రబారినా మిర్-451, మిర్-16 పెరిగి లెక్క మొత్తం చెడగొడతాయి. స్ట్రెక్ ట్యూబులో కొరియర్‌లో వచ్చే ప్లాస్మాతో ఇది పెట్టుకోవద్దు. గైడ్ గారికి ఒక ఎం.ఎల్. ప్లాస్మా విడిగా ఫ్రీజ్ చేసి ఉంచామని చెప్పండి, తర్వాత ఎవరైనా చేయవచ్చు.

పాజిటివ్ వచ్చాక క్లినిక్‌లో ఏం చేయాలో ప్రోటోకాల్‌లో ఇలా రాయండి. డీఎన్‌ఏ టెస్టు పాజిటివ్ అయితే, అల్ట్రాసౌండ్ బాగానే ఉన్నా నెలలోపు మల్టీఫేజ్ సీటీ లేదా ఎంఆర్‌ఐ. ఆర్టీరియల్ ఫేజ్‌లో మెరిసి తర్వాతి ఫేజ్‌లో వాడిపోయే నాడ్యూల్ కనిపిస్తే లై-రాడ్స్ (లివర్ స్కాన్‌లను గ్రేడ్ చేసే పద్ధతి) ప్రకారం గ్రేడ్ చేసి ట్యూమర్ బోర్డుకు. ఏమీ లేకపోతే మూడు నెలలకు మళ్లీ స్కాన్, కొత్త రక్తంతో మళ్లీ టెస్టు. రక్త పరీక్ష ఒక్కదాన్నే చూసి బయాప్సీ గానీ చికిత్స గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. టెస్టు నెగెటివ్ అయినా అల్ట్రాసౌండ్‌లో 10 మిల్లీమీటర్లు, ఆ పైన కొత్త నాడ్యూల్ ఉంటే సీటీ, ఎంఆర్‌ఐ ఆగకూడదు. ఈ వాక్యాన్ని కన్సెంట్ ఫారంలో తెలుగులో పెద్ద అక్షరాలతో పెట్టండి. రక్త పరీక్ష బాగుందట, ఇక స్కాన్ ఎందుకు అని రోగి మానేస్తే మన స్టడీ వల్లే అతనికి నష్టం జరిగినట్టు.

సిరోసిస్ లేని హెపటైటిస్ బి వాళ్లను కూడా చేర్చుకోవాలనుకుంటే మగవాళ్లను 40 దాటాక, ఆడవాళ్లను 50 దాటాక తీసుకోండి. ఇంట్లో ఎవరికైనా లివర్ క్యాన్సర్ వచ్చి ఉంటే అంతకంటే ముందే తీసుకోవచ్చు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ (హెపటైటిస్ బి మందులు) వాడేవాళ్లను విడి గ్రూపుగా గుర్తించండి, వైరస్ అణిగాక ఏఎఫ్‌పీ మూల స్థాయి తగ్గుతుంది కాబట్టి వాళ్లలో 20 కటాఫ్ కంటే ఏఎఫ్‌పీ ఎటు కదులుతోందన్నదే ఎక్కువ చెబుతుంది. ప్రతి విజిట్ విలువనూ వరుసగా నమోదు చేసే కాలమ్ ఇప్పుడే ఫారంలో పెట్టండి, తర్వాత పాత చీటీలు వెతికి నింపడం అయ్యే పని కాదు.